రెండు కన్నాల్లోనూ టెస్టరు వెలుగుతోంది, బల్బు మాత్రం వెలగడం లేదు: ఇంట్లో కరెంటు ఉన్నట్టా, లేనట్టా?

మెట్టపొలం (రాత్రి 7:10)

సభ్యులందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం నుంచి మా ఇంట్లో ఒక్క దీపం కూడా వెలగడం లేదు, ఫ్యానులు తిరగడం లేదు. వీధిలో మిగతా ఇళ్ళన్నిటికీ సరఫరా ఉంది కాబట్టి లోపం మా ఇంటిదేనని అనుకుంటున్నాను. ఫ్యూజు పీకి చూస్తే తీగ చెక్కుచెదరలేదు, ఎంసీబీ (లోడు మించితే తనంతట తానే ఆగిపోయే స్విచ్చు) కూడా పడిపోలేదు.

నాకు అంతుపట్టనిది వేరే ఉంది. ప్లగ్గులో టెస్టరు పెడితే ఒక కన్నంలో వెలగాలి, రెండో కన్నంలో వెలగకూడదు అని చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతే. ఇప్పుడు మా ఇంట్లో రెండు కన్నాల్లోనూ వెలుగుతోంది. పక్కింటాయన వచ్చి చూసి, రెండు ఫేజులు (కరెంటు తెచ్చే తీగలు) కలిసిపోయాయని, అంటే 400 వోల్టులు వస్తున్నాయని చెప్పారు. 400 వోల్టులే వస్తే బల్బులు ఈపాటికి ఢామ్మని మాడిపోయి ఉండాలి గదా. టెస్టరును నమ్మితే కరెంటు రెట్టింపు ఉంది, బల్బును నమ్మితే అసలే లేదు. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి "నాన్నా, కరెంటు ఉందా, లేదా?" అని అడిగింది. దానికి నా దగ్గర సమాధానం లేదు. తెలిసినవారు వివరించగలరు.

రాగితీగ (రాత్రి 7:32)

మెట్టపొలం గారూ, ఇరవై ఏళ్ళకు పైగా ఇళ్ళ వైరింగు పని చేస్తున్నవాడిగా చెబుతున్నాను, మీకు వస్తున్నవి రెండు ఫేజులు కావు. ఎక్కడో న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే తీగ, తెగింది. పనివాళ్ళం దీన్ని "రిటర్న్ వస్తోంది" అంటాము.

నమ్మకం కలగాలంటే ఒక చిన్న పరీక్ష చేయండి. ఇంట్లోని స్విచ్చులన్నీ ఆపివేయండి. ఫ్రిజ్జు, టీవీ, మొబైలు చార్జరు, దేవుడి గదిలోని జీరో వాటు బల్బు, అన్నీ. ఆ తరువాత ప్లగ్గులో టెస్టరు పెట్టండి. ఎడమ కన్నంలో, అంటే న్యూట్రల్ కన్నంలో, వెలుగు పోవాలి. ఇప్పుడు ఒక్క ఫ్యాను స్విచ్చు మాత్రమే వేసి మళ్ళీ చూడండి. ఫ్యాను తిరగదు గాని, న్యూట్రల్ కన్నంలో టెస్టరు తిరిగి వెలుగుతుంది. అలా జరిగితే నేను చెప్పిందే రోగం. నిజంగా రెండో ఫేజు వచ్చి ఉంటే స్విచ్చులతో సంబంధం లేకుండా రెండు కన్నాల్లోనూ వెలుగుతూనే ఉండేది.

ఒక్క జాగ్రత్త. నల్ల తీగ కదా, న్యూట్రలే కదా అని ఇప్పుడు దేన్నీ చేత్తో ముట్టుకోవద్దు. మీ ఇంట్లో ఈ రోజు నల్ల తీగ కూడా ఎర్ర తీగే.

నల్లబల్ల (రాత్రి 8:05)

రాగితీగ గారు చెప్పిన పరీక్ష వెనుక ఉన్న కారణాన్ని నేను వివరిస్తాను, ఎందుకంటే నేను ప్రతి ఏటా పదో తరగతికి చెప్పే పాఠంలో పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే.

తప్పు పిల్లలది కాదు, మనం "కరెంటు" అనే మాటను వాడే తీరుది. కరెంటు పోయింది అంటాము, అక్కడ దాని అర్థం సరఫరా. కరెంటు తక్కువ వస్తోంది అంటాము, అక్కడ అర్థం వోల్టేజి. కరెంటు బిల్లు కడతాము, అది నిజానికి మనం వాడుకున్న శక్తికి కట్టే డబ్బు, యూనిట్టు అంటే ఒక కిలోవాటు సామానును గంటసేపు నడపడానికి పట్టే 36 లక్షల జౌళ్ళు. తీగలో విద్యుదావేశం ప్రవహించే రేటు అనే అసలు అర్థంలో మాత్రం ఆ మాటను ఇంట్లో ఎవరూ వాడరు. నాలుగు రాశులను ఒకే పేరుతో పిలిచి, ఆ తరువాత "ఉందా, లేదా" అని అడిగితే సమాధానం ఎలా వస్తుంది?

మీ అమ్మాయి అడిగినదానికి జవాబు ఇది: వోల్టేజి ఉంది, ప్రవాహం లేదు. వోల్టేజి అంటే రెండు బిందువుల మధ్య ఉండే పొటెన్షియల్ తేడా, ఆవేశాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి నెట్టే ఒత్తిడి అని స్థూలంగా అనుకోవచ్చు. ప్రవాహం ఉండాలంటే ఆ ఒత్తిడి ఒక్కటే చాలదు, ట్రాన్స్‌ఫార్మరు నుంచి ఫేజు తీగ ద్వారా బల్బుకు, బల్బు నుంచి న్యూట్రల్ తీగ ద్వారా మళ్ళీ ట్రాన్స్‌ఫార్మరుకు ఎక్కడా తెగని దారి ఉండాలి. దాన్నే వలయం అంటాము.

న్యూట్రల్ తెగితే రెండో కన్నంలో టెస్టరు ఎందుకు వెలుగుతుందో ఓమ్ నియమమే చెబుతుంది. వోల్టేజి తేడా అంటే ప్రవాహం, నిరోధాల లబ్ధం. వేసి ఉన్న ఫ్యానులో ప్రవాహం సున్నా అయినప్పుడు దాని నిరోధం ఎంతైనా కానివ్వండి, లబ్ధం సున్నాయే. అంటే ఫ్యాను చుట్టకు ఇటు కొస 230 వోల్టులలో ఉంటే అటు కొస కూడా 230 వోల్టులలోనే ఉంటుంది. ఆ అటు కొస మీ ఇంటి న్యూట్రల్ తీగ. ఇల్లంతా పరుచుకున్న ఆ తీగ ఒక్క ఫ్యాను స్విచ్చు వేయగానే ఫేజు పొటెన్షియల్‌కు ఎక్కి కూర్చుంటుంది. రెండు కన్నాలూ 230లో ఉన్నాయి, వాటి మధ్య తేడా మాత్రం సున్నా. తేడా లేనిచోట బల్బు వెలగదు.

పిల్లలకు నేను నీళ్ళ ట్యాంకు ఉపమానం చెబుతాను గాని, దానికి ఒక హద్దు ఉందని కూడా చెబుతాను. కాలువకు గండి పడితే నీళ్ళు పొలాల మీదికి పోతాయి. తీగ తెగితే ఎలక్ట్రాన్లు కొస నుంచి కారిపోవు, తెగినచోటే కాదు, వలయమంతటా ఆగిపోతాయి.

అపార్టుమెంటు 402 (రాత్రి 8:41)

ఆసక్తికరమైన చర్చ. నాకు రెండు సందేహాలు. మొదటిది, వలయం పూర్తి కాకపోతే ప్రవాహం ఉండదన్నారు, మరి టెస్టరులోని చిన్న దీపం ఏ న్యూట్రల్‌తో వెలుగుతోంది? రెండవది, బల్బులోకి వెళ్ళిన కరెంటులో చాలా భాగం వెలుగుగా, వేడిగా ఖర్చయిపోతుంది కాబట్టి న్యూట్రల్‌లో తిరిగి వచ్చేది కొద్దిగానే ఉంటుందని, అందుకే న్యూట్రల్‌ను ముట్టుకుంటే షాకు కొట్టదని నేను ఇంజనీరింగు మిత్రుడి దగ్గర విన్నాను. అది నిజమైతే న్యూట్రల్ తీగ సన్నగా వేసినా సరిపోవాలి గదా.

రాగితీగ (రాత్రి 9:02)

మొదటిదానికి నేను చెబుతాను. టెస్టరు పిడిలో ఒక నియాను దీపం, దానితో వరుసగా సుమారు పది లక్షల ఓముల నిరోధం ఉంటాయి. టెస్టరు పైకొసన ఉన్న లోహపు బిళ్ళ మీద వేలు పెట్టనిదే అది సరిగా వెలగదు. ఆ వేలే న్యూట్రల్. నిరోధం గుండా మీ వేలికి, శరీరం గుండా నేలకు, నేల గుండా ట్రాన్స్‌ఫార్మరు దగ్గర భూమిలో పాతిన న్యూట్రల్‌కు వలయం పూర్తవుతుంది. ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబడినా మందంగా వెలుగుతుంది, ఎందుకంటే అటూ ఇటూ దిశ మారుతూ ఉండే ఏసీ సరఫరాకు మీ శరీరమూ నేలా కలిసి ఒక చిన్న కెపాసిటరులా పనిచేస్తాయి.

అంత పెద్ద నిరోధం అడ్డున్నందువల్ల పావు మిల్లీ ఆంపియరు కూడా పారదు, కాబట్టి మనకు తెలియదు. 60 వాట్ల బల్బుకు కావలసింది 260 మిల్లీ ఆంపియర్లు, అంటే వెయ్యి రెట్ల కంటే ఎక్కువ. అందుకే మేము పనిలో టెస్టరును పూర్తిగా నమ్మము. హోల్డరుకు రెండు తీగలు కట్టిన టెస్టు ల్యాంపు ఒకటి సంచిలో ఉంటుంది. ఫేజు ఉందో లేదో టెస్టరు చెబుతుంది, బరువు మోసే దారి ఉందో లేదో టెస్టు ల్యాంపు చెబుతుంది.

పదకొండు కేవీ (రాత్రి 9:20)

విద్యుత్ పంపిణీ రంగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. అపార్టుమెంటు 402 గారి రెండో సందేహానికి నా సమాధానం.

మీ మిత్రుడు చెప్పింది తప్పు, చాలామంది నమ్మే తప్పు. బల్బులో ఖర్చయ్యేది శక్తి, ఆవేశం కాదు. ఫేజులో 5 ఆంపియర్లు వెళితే న్యూట్రల్‌లో సరిగ్గా 5 ఆంపియర్లే తిరిగి వస్తాయి. చెరకు గానుగకు కట్టిన ఎద్దును తలచుకోండి. రసం తీయడంలో ఎద్దు బలం ఖర్చవుతుంది గాని, ఎద్దు అరిగిపోయి చిన్నదై తిరిగి రాదు. ఒక కూడలికి వచ్చే ప్రవాహాల మొత్తం, దాని నుంచి పోయే ప్రవాహాల మొత్తం సమానమని శాస్త్రవేత్త కిర్కాఫ్ 1845లో చెప్పిన నియమం ఇదే.

దీనికి రుజువు మీ అపార్టుమెంటులోనే ఉంటుంది. మీటరు దగ్గర ఆర్‌సీసీబీ అనే పరికరం ఉంటే చూడండి, దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉంటుంది. ఫేజు తీగ, న్యూట్రల్ తీగ రెండూ అందులోని ఒకే ఇనుప కోరు గుండా వెళతాయి. పోయేది, వచ్చేది సమానమైనంతసేపు వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. తడిచేత్తో గీజరును ముట్టుకున్న మనిషి గుండా కొంత ప్రవాహం నేలలోకి జారిందనుకోండి, తిరిగి వచ్చేది ఆ మేరకు తగ్గుతుంది, ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే అది కట్టేస్తుంది. మీ మిత్రుడి లెక్కే నిజమైతే ఏ బల్బు వేసినా ఆర్‌సీసీబీ పడిపోతూనే ఉండాలి.

న్యూట్రల్‌ను ముట్టుకుంటే మామూలుగా షాకు కొట్టకపోవడానికి కారణం అందులో ప్రవాహం తక్కువగా ఉండడం కాదు. దాన్ని ట్రాన్స్‌ఫార్మరు దగ్గర భూమికి కలిపి ఉంచడం వల్ల దాని పొటెన్షియల్ మన కాళ్ళ కింద నేలతో దాదాపు సమానంగా ఉంటుంది. ఆ కలపడం తెగిపోతే, ఈ రోజు మెట్టపొలం గారి ఇంట్లో ఉన్న పరిస్థితి వస్తుంది. కాబట్టి న్యూట్రల్ తీగ సన్నగా వేయడానికి వీల్లేదు.

అపార్టుమెంటు 402 (రాత్రి 9:34)

అర్థమైందండీ. ఇన్నాళ్ళూ నేను శక్తిని, ప్రవాహాన్ని ఒకటిగానే అనుకున్నాను. ఆర్‌సీసీబీ ఉంది, ఇప్పుడే చూసి వచ్చాను.

మెట్టపొలం (రాత్రి 9:50)

రాగితీగ గారు చెప్పిన పరీక్ష చేశాము. టార్చి లైటు అమ్మాయి పట్టుకుంది. అన్ని స్విచ్చులూ ఆపగానే ఎడమ కన్నంలో టెస్టరు ఆరిపోయింది. హాలులో ఫ్యాను స్విచ్చు వేస్తే మళ్ళీ వెలిగింది, ఫ్యాను రెక్క మాత్రం అంగుళం కూడా కదలలేదు. అమ్మాయి ఫ్యాను ఆపి వంటింటి బల్బు వేసి చూసింది, మళ్ళీ అదే కథ. ఏ స్విచ్చు వేసినా ఎడమ కన్నం వెలుగుతుంది, అన్నీ ఆపితే ఆరిపోతుంది. న్యూట్రల్ తెగిందనడంలో ఇక అనుమానం లేదు.

ఒక్క మాట అడగాలి. పక్కింటాయన ఇప్పుడు మరో ఉపాయం చెబుతున్నారు. పెరట్లో ఒక ఇనుప కడ్డీ దిగగొట్టి, నాలుగు బిందెల నీళ్ళు పోసి, దాని నుంచి తీగ తెచ్చి న్యూట్రల్ స్థానంలో కలిపితే రేపు లైన్‌మన్ వచ్చేవరకు ఈ రాత్రికి గడిచిపోతుందంటున్నారు. వాళ్ళ చేను దగ్గర ఏళ్ళ తరబడి అలాగే నడుస్తోందట. చేయవచ్చా?

పదకొండు కేవీ (రాత్రి 9:58)

చేయవద్దు. దయచేసి ఆ కడ్డీ జోలికి పోవద్దు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను, ఆ తరువాత మీ పక్కింటాయనకు కూడా చూపించండి.

పెరట్లో దిగగొట్టిన కడ్డీకి, భూమికి మధ్య నిరోధం నేలను బట్టి మారుతుంది. తడి నేలలో 20 ఓములు అనుకుందాం. ఇప్పుడు 60 వాట్ల బల్బు వేశారు. వెలుగుతున్న బల్బు నిరోధం సుమారు 880 ఓములు. మొత్తం 900 ఓములు, ప్రవాహం పావు ఆంపియరు, కడ్డీ దగ్గర పడే వోల్టేజి 5 మాత్రమే. బల్బు చక్కగా వెలుగుతుంది, మీ పక్కింటాయన మీసం మెలేస్తారు.

తెల్లవారి ఎవరో తెలియక 2000 వాట్ల గీజరు వేశారనుకోండి. గీజరు నిరోధం 26 ఓముల పైచిలుకు. దానికి కడ్డీ 20 ఓములు కలిస్తే 46 పైచిలుకు, ప్రవాహం దాదాపు 5 ఆంపియర్లు. ఆ 5 ఆంపియర్లు 20 ఓముల గుండా నేలలోకి దిగుతున్నాయి, అంటే కడ్డీ మీద, దానికి కలిపిన మీ ఇంటి న్యూట్రల్ తీగ మీద సుమారు 100 వోల్టులు. బురదలో వట్టికాళ్ళతో నిలబడి ఆ కడ్డీని పట్టుకున్న మనిషి సంగతి చెప్పనక్కరలేదు. కడ్డీని ముట్టుకోకపోయినా, దాని చుట్టూ నేలలో ఒక్కో అడుగుకూ వోల్టేజి మారుతూ ఉంటుంది. మనిషి కంటే పశువుకు ప్రమాదం ఎక్కువ, ముందుకాళ్ళకూ వెనుకకాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ కాబట్టి.

పైగా ఏ ఫ్యూజూ మిమ్మల్ని కాపాడదు. నేరుగా ఫేజు తీగే ఆ కడ్డీకి తగిలినా 230ని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు వస్తాయి, 16 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని మామూలు లోడు అనుకొని కిమ్మనకుండా ఉంటుంది. ఎంసీబీ ఉన్నది తీగలు కాలకుండా చూడడానికి, మనిషికి షాకు తగలకుండా చూడడానికి కాదు.

ఈ రాత్రికి మెయిన్ స్విచ్చు కట్టేసి, కొవ్వొత్తితో గడపండి. సరఫరా సంస్థ ఫిర్యాదుల నంబరుకు ఇప్పుడే ఫోను చేసి న్యూట్రల్ పోయిందని స్పష్టంగా చెప్పండి.

బోరుబావి (రాత్రి 10:15)

నిన్న మాకు జరిగింది వేరే రకం. మా వీధిలో న్యూట్రల్ తెగిందని తరువాత తెలిసింది గాని, మాకు సరఫరా పోలేదు, ఎక్కువై టీవీ, రెండు ఎల్‌ఈడీ బల్బులు కాలిపోయాయి. ఎదురింట్లో మాత్రం ట్యూబులైటు వెలగనే లేదు, ఫ్యాను నత్తలా తిరిగింది. ఒకే లోపం ఒక ఇంట్లో ఎక్కువ, మరో ఇంట్లో తక్కువ ఎలా అవుతుంది?

పదకొండు కేవీ (రాత్రి 10:37)

మెట్టపొలం గారి ఇంట్లో తెగింది ఆ ఒక్క ఇంటి న్యూట్రల్, మీ వీధిలో తెగింది పలు ఇళ్ళకు ఉమ్మడిగా ఉన్న న్యూట్రల్. తేడా అక్కడుంది.

వీధిలోకి మూడు ఫేజులు వస్తాయి. ఒక్కో ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య 230 వోల్టులు ఉంటాయి, ఏ రెండు ఫేజుల మధ్య చూసినా 400. మీది ఒక ఫేజు, ఎదురింటిది మరొకటి అనుకుందాం. ఉమ్మడి న్యూట్రల్ ట్రాన్స్‌ఫార్మరు వైపున తెగిపోతే, మీ ఇంటి సామానులు, ఎదురింటి సామానులు ఆ తెగిన తీగ ద్వారా ఒకదానికొకటి వరుసగా కలిసి 400 వోల్టుల మధ్య వేలాడతాయి. అంతవరకు సమాంతర సంధానంలో ఎవరి 230 వారు అనుభవించిన రెండు ఇళ్ళు ఒక్కసారిగా శ్రేణి సంధానంలోకి వచ్చేస్తాయి.

శ్రేణిలో ప్రవాహం అందరికీ ఒకటే, వోల్టేజి మాత్రం నిరోధాన్ని బట్టి పంచుకోబడుతుంది. మీ ఇంట్లో 100 వాట్ల బల్బు ఒక్కటే వేసి ఉందనుకోండి, నిరోధం 529 ఓములు. ఎదురింట్లో 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె, 53 ఓములు. మొత్తం 582, ప్రవాహం 0.69 ఆంపియరు. మీ బల్బు మీద పడేది 364 వోల్టులు, ఎదురింటి ఇస్త్రీ పెట్టెకు దక్కేది 36. ఎవరు తక్కువ వాడుతుంటే వాళ్ళ సామాను మాడుతుంది. బల్బు వేడెక్కిన కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది కాబట్టి నిజంలో ఇంకాస్త అధ్వానంగానే ఉంటుంది.

నల్లబల్ల (రాత్రి 10:52)

ఈ లెక్కను తరగతిలో ఏ ప్రమాదమూ లేకుండా చూపించే దారి ఉంది. 40 వాట్ల బల్బును, 100 వాట్ల బల్బును శ్రేణిలో కలిపి వేస్తే ఏది ఎక్కువగా వెలుగుతుందని అడిగితే తరగతి మొత్తం 100 అంటుంది. వెలిగేది 40. దాని నిరోధం ఎక్కువ కాబట్టి వోల్టేజిలో సింహభాగం అది తీసుకుంటుంది, 100 వాట్లది ఎర్రటి పురిలా కనిపించీ కనిపించకుండా ఉంటుంది. వినాయక చవితి పందిళ్ళకు కట్టే పాత సీరియల్ సెట్టులో ఒక్క బుడ్డి మాడితే మొత్తం వరుస ఆరిపోవడం కూడా శ్రేణి సంధానం మహిమే. ఇంటి వైరింగును సమాంతరంగా చేయడానికి కారణం పిల్లలు అప్పుడు వాళ్ళంతట వాళ్ళే చెబుతారు.

మెట్టపొలం (మరునాడు, ఉదయం 6:40)

పదకొండు కేవీ గారి లెక్కను పక్కింటాయనకు చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు గాని, పొద్దున్నే చేను వైపు వెళ్ళి కడ్డీకి కలిపిన తీగ ఊడదీసి వచ్చారు.

అమ్మాయి మరో ప్రశ్న తెచ్చింది. వాళ్ళ పుస్తకంలో ఎలక్ట్రాన్లు తీగలో సెకనుకు మిల్లీమీటరులో నూరో వంతులతో చెప్పుకొనేంత మెల్లగా కదులుతాయని ఉందట. మరి స్తంభం మీది ఎలక్ట్రాను మా ఇంటి బల్బుకు చేరేలోపు తెల్లవారాలి గదా, స్విచ్చు వేయగానే బల్బు ఎలా వెలుగుతుందని అడుగుతోంది.

నల్లబల్ల (ఉదయం 7:25)

మంచి ప్రశ్న వేసిందని అమ్మాయితో చెప్పండి.

లెక్క ఆమె చదివినదే. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగి తీగలో ఒక ఆంపియరు పారుతుంటే ఎలక్ట్రాన్ల అపసర వేగం, అంటే అవి సగటున ముందుకు జరిగే వేగం, సెకనుకు 0.07 మిల్లీమీటరు. ఆ లెక్కన ఒక మీటరు తీగ దాటడానికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. ఇది ఒకే దిశలో పారే డీసీ సంగతి. మన ఇళ్ళకు వచ్చే ఏసీలో దిశ సెకనుకు 50 ఆవృత్తులుగా అటూ ఇటూ మారుతూ ఉంటుంది కాబట్టి ఎలక్ట్రాను అసలు ప్రయాణమే చేయదు, ఉన్నచోటనే మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేనంత దూరం ఊగిసలాడుతుంది. స్తంభం మీది ఎలక్ట్రాను మీ బల్బు ముఖం ఎన్నడూ చూడదు.

బల్బును వెలిగించేది స్తంభం నుంచి వచ్చిన ఎలక్ట్రాను కాదు, బల్బు తీగలోనే ముందునుంచీ ఉన్న ఎలక్ట్రాను. స్విచ్చు వేయగానే విద్యుత్ క్షేత్రం వలయం పొడవునా కాంతి వేగానికి దగ్గరి వేగంతో వ్యాపిస్తుంది, దానితో అన్నిచోట్లా ఎలక్ట్రాన్లు దాదాపు ఒకేసారి కదలడం మొదలుపెడతాయి. నిండా నీళ్ళున్న గొట్టానికి కుళాయి తిప్పితే అవతలి కొస నుంచి వెంటనే నీళ్ళు వస్తాయి, ఆ నీళ్ళు కుళాయి దగ్గరివి కావు. అంత మెల్లని కదలికతో ఒక ఆంపియరు ఎలా అవుతుందంటే, సంఖ్య వల్ల. ఒక ఆంపియరు అంటే సెకనుకు సుమారు 62,400 కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక్క విషయం. ఓమ్ తన ప్రయోగాలు చేసినప్పుడు ఎలక్ట్రాను అనేది ఒకటుందని ఎవరికీ తెలియదు, థామ్సన్ దాన్ని గుర్తించింది 1897లో. ఓమ్ జర్మనీలోని కొలోన్ నగరంలో బడిపంతులు. వోల్టా 1800లో చేసిన బిళ్ళల బ్యాటరీతో కొలతలు తీస్తుంటే, ప్రయోగం సగంలో ఉండగానే దాని వోల్టేజి పడిపోయేది. పోగెండార్ఫ్ అనే భౌతిక శాస్త్రవేత్త సలహా మీద దాన్ని వదిలి, రాగి, బిస్మత్ అతికిన జంటను తీసుకొని, ఒక అతుకును మరిగే నీళ్ళలో, మరొకదాన్ని మంచులో ఉంచాడు. ఉష్ణోగ్రతల తేడా కదలదు కాబట్టి వోల్టేజి కూడా కదల్లేదు. అప్పుడు తీగ పొడవులు మారుస్తూ, అయస్కాంత సూది ఎంత తిరిగిందో చూసి తీసిన కొలతల నుంచి నియమం తేలింది. 1827లో పుస్తకంగా వేస్తే సొంత దేశంలో పెద్దగా పట్టించుకోలేదు, 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. నియమం ఒక వాక్యమే, దానికి అసలు కష్టం కదలని వోల్టేజిని సంపాదించడంలో ఉంది.

బోరుబావి (ఉదయం 8:10)

కదలని వోల్టేజి అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా మోటారు ఇంటి నుంచి 50 మీటర్ల దూరంలో ఉంది. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజు. స్టార్టరు నొక్కగానే మోటారు షెడ్డులో బల్బు ఒక్క క్షణం కుంగి మళ్ళీ లేస్తుంది. ఇంట్లో బల్బు మాత్రం అంతగా కుంగదు. మోటారు పాడైందా?

రాగితీగ (ఉదయం 8:48)

మోటారు బాగానే ఉంది, తీగ సన్నగా ఉంది. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేసి ఉంటారు, చూడండి. పోవడానికి 50, రావడానికి 50, మొత్తం 100 మీటర్లు, దాని నిరోధం సుమారు 1.15 ఓములు. మోటారు నడుస్తున్నప్పుడు 7 ఆంపియర్లు తీసుకుంటే తీగలోనే 8 వోల్టులు పోతాయి, అది పెద్దగా తెలియదు. మొదలయ్యే క్షణంలో మోటారు అయిదారు రెట్లు లాగుతుంది. 35 ఆంపియర్లు అనుకుంటే 40 వోల్టులు దారిలోనే పోయి, షెడ్డుకు 190 మాత్రమే చేరతాయి. ఇంట్లో బల్బు ఆ పొడవు తీగకు ముందే ఉంది కాబట్టి దానికి ఆ నష్టం అంటదు. నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే ఆ 40 కాస్తా 15కు దిగుతుంది.

మెట్టపొలం (మధ్యాహ్నం 12:30)

లైన్‌మన్ వచ్చి వెళ్ళారు. స్తంభం మీద అంతా సవ్యంగానే ఉంది. లోపం మా మీటరు నుంచి మెయిన్ స్విచ్చుకు వచ్చే నల్ల తీగలో, స్క్రూ బిగించే చోట ఉంది. అల్యూమినియం తీగ కొస బొగ్గులా నల్లబడి, పట్టుకోగానే పొడిపొడిగా రాలింది. పక్కనున్న ప్లాస్టిక్ పాలకోవా రంగులో కరిగి ఉంది. వారం రోజులుగా అప్పుడప్పుడూ దీపాలు రెపరెపలాడడం, బోర్డు దగ్గర కాలిన వాసన రావడం మేము గమనించాము గాని పట్టించుకోలేదు. తీగ పాడైన మేరకు కత్తిరించి, కొత్త లగ్గు (తీగ కొసకు వేసే లోహపు తొడుగు) వేసి బిగించారు, అన్నీ వెలుగుతున్నాయి.

ఫ్యూజు పోలేదు, ఎంసీబీ పడలేదు, మరి ఇంత వేడి ఎక్కడి నుంచి వచ్చింది?

రాగితీగ (మధ్యాహ్నం 1:05)

వదులు స్క్రూ నుంచి వచ్చింది. అల్యూమినియం మెత్తటి లోహం, స్క్రూ కింద నలిగి నలిగి కొన్నేళ్ళకు వదులవుతుంది. పైన తెల్లటి పొర పడుతుంది, ఆ పొర గుండా ప్రవాహం సులువుగా పోదు. అలా అక్కడ అర ఓము నిరోధం పుట్టిందనుకోండి. ఇంట్లో మొత్తం 10 ఆంపియర్లు వాడుతున్నప్పుడు వేడి ఎంతంటే, ప్రవాహపు వర్గాన్ని నిరోధంతో హెచ్చవేయాలి, 50 వాట్లు. నేను రోజూ వాడే సోల్డరింగు కడ్డీ 25 వాట్లది. చింతగింజంత చోట రెండు సోల్డరింగు కడ్డీల వేడి.

మొత్తం ప్రవాహం మాత్రం 10 ఆంపియర్లు దాటలేదు కాబట్టి ఎంసీబీకి అందులో తప్పేమీ కనబడదు. వేడెక్కిన కొద్దీ పొర పెరిగి, పొర పెరిగిన కొద్దీ వేడి పెరిగి, చివరికి దారి మూసుకుపోయింది. ఆ రోజే మీ టెస్టరు రెండు కన్నాల్లోనూ వెలిగింది. ఇప్పుడు ఇస్త్రీ పెట్టె వేసి అరగంట తరువాత మెయిన్ కట్టేసి, ఆ బోర్డు మూత మీద అరచెయ్యి ఆనించి చూడండి.

మెట్టపొలం (మధ్యాహ్నం 2:10)

చూశాము. మూత చల్లగానే ఉంది. రాలిన తీగ ముక్కను అమ్మాయి కాగితంలో పొట్లం కట్టి బడికి తీసుకుపోవడానికి సంచిలో పెట్టుకుంది.